తవోలారా దీవికి వీసా ఎవరివ్వాలి?

ఇటలీ మ్యాపులో సార్డీనియా అనే పెద్ద దీవి ఈశాన్య తీరం వెంట ఒల్బియా పట్టణం దగ్గర వేలు పెట్టి కొంచెం కిందికి జరిపితే, సముద్రంలో సన్నటి గీతలా ఒక దీవి కనిపిస్తుంది. పేరు తవోలారా. పొడవు సుమారు ఐదు కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరు. దీవి అనడం కంటే నీళ్ళలోంచి నిటారుగా లేచిన సున్నపురాయి కొండ అంటే సరిపోతుంది. ఎత్తు 565 మీటర్లు. పడవలు ఆగే చోట కొండ పాదాల దగ్గర ఇసుక నేల నాలుకలా సముద్రంలోకి సాగి ఉంటుంది. అక్కడే కొన్ని ఇళ్ళు, తినడానికి ఒకటి రెండు రెస్టారెంట్లు, ఒక చిన్న శ్మశానం. ఆ శ్మశానంలో ఒక సమాధి మీద కిరీటం ఉంటుంది. అక్కడ పడుకున్నది 1886లో చనిపోయిన పావ్లో బెర్తొలియోని. ఆ కుటుంబం లెక్కలో ఆయన తవోలారా రాజు మొదటి పావ్లో.

వీపున బ్యాగు తగిలించుకుని తక్కువ ఖర్చుతో యూరప్ తిరిగే మన పిల్లలకు ఇలాంటి చోట్ల మీద మోజు ఎక్కువ. ‘ప్రపంచంలోకెల్లా చిన్న రాజ్యం’ అన్న మాట వినగానే వరసగా ప్రశ్నలు మొదలవుతాయి. దానికి వేరే వీసా కావాలా? పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తారా? అక్కడ ఏదైనా జరిగితే ఏ దేశం చట్టం వర్తిస్తుంది? యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటిగా ఇచ్చే షెంజెన్ వీసా గడువు లెక్కలో ఆ రోజు కలుస్తుందా, కలవదా?

సూటి జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అది ఇటలీ. ఇటలీకి వెళ్ళే వీసానే తవోలారాకీ వీసా. అయితే తనను తాను రాజ్యమని చెప్పుకున్న నేల ఇటలీ ఎలా అయింది, ఎప్పుడయింది అనే దగ్గరే అసలు చిక్కంతా ఉంది. అది విప్పుకుంటే, ఇలాంటి ఏ ‘బుల్లి దేశం’ పేరు విన్నా దాని గుట్టు ఎక్కడుందో మనమే పట్టుకోవచ్చు.

మేకల వేటకు వచ్చిన రాజు

జుసెప్పే బెర్తొలియోని 1807 ప్రాంతంలో కుటుంబంతో తవోలారా చేరాడు. అప్పటికి అక్కడ అడవి మేకలు తప్ప మనుషులు లేరు. ఆయనకు ఇద్దరు భార్యలని, ఆ కేసు నుంచి తప్పించుకోవడానికే ఇంత దూరం వచ్చాడని చెబుతారు. ఆ మేకలకు పళ్ళు బంగారు రంగులో ఉండేవట. అవి మేసే మొక్కల వల్ల పళ్ళకు ఆ పసుపు పట్టేదని తర్వాత వివరణ వచ్చింది కానీ, ఆ రోజుల్లో అది పెద్ద వింత. ఆ వింత చెవిన పడి 1836లో సార్డీనియా రాజు కార్లో అల్బెర్తో వేటకు వచ్చాడు. జుసెప్పే కొడుకు పావ్లో ఆయన్ను వెంట తిప్పి మేకలు చూపించాడు, ఇంట్లో పెట్టుకుని మర్యాద చేశాడు. వచ్చినాయన తాను సార్డీనియా రాజునని పరిచయం చేసుకుంటే, పావ్లో తాను తవోలారా రాజునని బదులిచ్చాడని ఆ ఇంట చెప్పుకునే కథ. ఆ మాట కార్లో అల్బెర్తోకు నచ్చి, తిరిగి వెళ్ళాక ఆ కుటుంబాన్ని తవోలారా ప్రభువులుగా ఒప్పుకుంటూ పత్రం పంపాడంటారు.

రాజ్యం వాదన మొత్తం ఈ పత్రం మీదే నిలబడింది. కాబట్టి దాన్ని నిదానంగా చూడాలి. ఒక రాజు తన ఏలుబడిలోని నేల మీద ఒక కుటుంబానికి హక్కు రాసివ్వడం మనకు కొత్త కాదు. మన ఊళ్ళలో ఇనాం భూముల సనదులు ఇలాంటివే. సనదు చేతికొచ్చినాయన ఆ భూమికి యజమాని. శిస్తు కూడా మాఫీ కావచ్చు. అంతమాత్రాన నవాబు రాజ్యంలోంచి ఆ ఊరు బయటపడిపోదు. తవోలారా పత్రం ఇచ్చింది యాజమాన్యాన్నా, ప్రభుత్వాధికారాన్నా? కార్లో అల్బెర్తో రాజ్యంలో ఒక ముక్కను విడదీసి మరో దేశాన్ని పుట్టించాలనుకున్నాడని నమ్మడానికి నాకైతే ఆధారం కనిపించదు. వేటలో దొరికిన ఆతిథ్యానికి మురిసిపోయి ఇచ్చిన గౌరవం అది. అలాగని విలువ లేని కాగితమనీ అనను. రాతి కొండ మీద మంచినీళ్ళకు, తిండికి తిప్పలుపడుతూ తరాల తరబడి నిలిచిన కుటుంబానికి ఆ గౌరవం పేరునూ ఉనికినీ ఇచ్చింది.

1861లో ఇటలీ ఒక్క దేశమైంది. సార్డీనియా రాజులే ఇటలీ రాజులయ్యారు. కొత్త ప్రభుత్వం తవోలారా మీద సైన్యాన్ని దింపలేదు, జెండా పాతి ఊరేగింపులూ చేయలేదు. దీవి ఈశాన్య కొసన బెర్తొలియోనీల దగ్గర స్థలం కొని లైట్‌హౌస్ కట్టింది. 1868 నుంచి అది వెలగడం మొదలైంది. స్థలం కొన్నారంటే ఆ కుటుంబాన్ని భూయజమానులుగా ఒప్పుకున్నట్టే. దీపం వెలిగించే బాధ్యత ఇటలీ తన నెత్తిన పెట్టుకుందంటే, ఆ నీళ్ళలో ఓడల భద్రత చూసే ప్రభుత్వం తనే అని చాటుకున్నట్టే. యాజమాన్యం ఒకరిది, ప్రభుత్వం మరొకరిది. తవోలారా చరిత్రలో ఈ రెండూ విడివిడిగా కనిపించే చోటు ఇదే.

ఆ తర్వాత రాజ్యానికి దక్కిన పెద్ద గుర్తింపు ఒక ఫొటో. 1900 ప్రాంతంలో బ్రిటిష్ నౌక వల్కన్ అక్కడ ఆగినప్పుడు కుటుంబం మొత్తాన్ని నిలబెట్టి తీశారు. ప్రపంచ రాజవంశాల ఫొటోలు సేకరించిన విక్టోరియా రాణి సేకరణలో అదీ చేరింది. దాని ప్రతి ఇప్పటికీ దీవి మీద ఆ కుటుంబం నడిపే రెస్టారెంట్ గోడకు వేలాడుతోంది. విక్టోరియా ఆల్బమ్‌లో ఉంది కాబట్టి బ్రిటన్ గుర్తించినట్టేనని వాదించేవాళ్ళు ఉన్నారు. ఫొటో ఆల్బమ్ ఒప్పంద పత్రం కాదు. రాయబారులు వచ్చిందీ లేదు, సంతకాలు జరిగిందీ లేదు.

1962లో దీవి సగానికి సగం సైనిక ప్రాంతమైపోయింది. నాటో అవసరాల కోసం అక్కడ రేడియో కేంద్రం పెట్టారు. నీటి అడుగున తిరిగే జలాంతర్గాములకు చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద సందేశాలు పంపే కేంద్రం అది. జనంలో చాలామంది దీవి వదిలి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోవాల్సి వచ్చింది. అప్పటి తవోలారా రాజు రెండో పావ్లో చనిపోయిందీ ఆ ఏడే. రాజ్యం ముగిసిన రోజంటూ ఒకటి చెప్పాల్సి వస్తే చాలామంది దీన్నే చెబుతారు. నా లెక్కలో అది అంతకు దాదాపు వందేళ్ళ ముందు, లైట్‌హౌస్ మొదటిసారి వెలిగిన రాత్రే ముగిసింది.

దేశం అంటే ఏమేం ఉండాలి

1933లో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో అమెరికా ఖండాల దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. దేశమనిపించుకోవాలంటే స్థిరంగా ఉండే జనం, ఇదీ అని చెప్పగల భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నడపగల సత్తా ఉండాలని అందులో ఉంది. సొంత దేశం ప్రకటించుకునే ప్రతివాళ్ళూ మొదట దీన్నే పట్టుకుంటారు. మాకు నాలుగూ ఉన్నాయి కాబట్టి ఎవరు గుర్తించినా గుర్తించకపోయినా మేం దేశమే అంటారు. ఆ ఒప్పందంలోనే అలా అనుకోవడానికి వీలిచ్చే వాక్యం కూడా ఉంది. అవతలి పక్షం మాట వేరు: మిగతా దేశాలు దేశంగా చూడకపోతే నీ పాస్‌పోర్టు ఎక్కడ చెల్లుతుంది, నీ నోటు ఎవరు తీసుకుంటారు? న్యాయ పండితులు ఈ రెండు వాదాల మీదా ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ప్రయాణికుడికి మాత్రం రెండోదే అసలు సంగతి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర అంతర్జాతీయ న్యాయ సిద్ధాంతం పనికిరాదు, అవతల కూర్చున్న అధికారి కంప్యూటర్‌లో ఆ దేశం పేరు ఉండాలి.

నేల మాట వచ్చింది కాబట్టి రోజ్ ఐలాండ్ సంగతి చెప్పుకోవాలి. జోర్జో రోసా అనే ఇటలీ ఇంజనీరు రిమిని తీరానికి 11 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, ఆడ్రియాటిక్ సముద్రంలో స్తంభాలు దింపి 400 చదరపు మీటర్ల వేదిక కట్టాడు. అప్పటి ఇటలీ ప్రాదేశిక జలాలకు, అంటే తీరం వెంట ఇటలీ అధికారం చెల్లే నీళ్ళకు, అర కిలోమీటరు బయట. 1968 మే 1న స్వతంత్ర దేశంగా ప్రకటించాడు. అధికార భాష ఎస్పెరాంతో, అన్ని దేశాలవాళ్ళూ మాట్లాడుకోవడానికని కల్పించిన భాష. సొంత స్టాంపులు కూడా వేశాడు. రెండు నెలలు తిరక్కముందే ఇటలీ పోలీసులు పడవల్లో వచ్చి స్వాధీనం చేసుకున్నారు. 1969 ఫిబ్రవరిలో పేలుడు పదార్థాలు పెట్టారు, మిగిలింది తుఫాను ముంచేసింది. హద్దుకు అర కిలోమీటరు అవతల ఉండటం రోసాను కాపాడలేదు. ఆయన ఇటలీ పౌరుడు, జనం వచ్చేది ఇటలీ ఒడ్డు నుంచి, సరుకులు వచ్చేదీ అక్కణ్ణుంచే.

సీలాండ్ ఇంకా బతికుంది, దాని చుట్టూ అపోహలూ అంతకంటే గట్టిగా బతికున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన తూర్పు తీరానికి దూరంగా సముద్రంలో కట్టిన కోటల్లో ఒకదాన్ని ప్యాడీ రాయ్ బేట్స్ అనే మాజీ సైనికాధికారి ఆక్రమించాడు. రెండు లావుపాటి కాంక్రీటు స్తంభాలు, వాటి మీద ఒక వేదిక, అంతే. 1967 సెప్టెంబరు 2న దాన్ని దేశంగా ప్రకటించాడు. మరుసటి ఏడు దగ్గరికి వచ్చిన పడవ వైపు తుపాకీ పేల్చినందుకు కేసు పడింది. ఆ చోటు అప్పటి మూడు మైళ్ళ సముద్ర హద్దుకు బయట ఉంది కాబట్టి తమ పరిధిలోకి రాదని కోర్టు తేల్చింది. బేట్స్ కుటుంబం దీన్నే గుర్తింపుగా చెప్పుకుంటూ వచ్చింది. చాలామంది తడబడేదీ ఇక్కడే. ‘ఈ కేసు విచారించే అధికారం మాకు లేదు’ అని కోర్టు అంటే ‘నువ్వు ఒక దేశానివి’ అని అన్నట్టు కాదు. తమ చెయ్యి ఎంతవరకు చాస్తుందో కోర్టు చెప్పింది, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

1978లో కొందరు జర్మన్లు సీలాండ్‌ను లాక్కోబోయి ఓడిపోతే, వాళ్ళలో ఒకణ్ణి బేట్స్ బందీగా ఉంచుకున్నాడు. అతన్ని విడిపించుకోవడానికి జర్మనీ లండన్ నుంచి ఒక దౌత్యవేత్తను పంపింది. దౌత్యవేత్త వచ్చాడు కాబట్టి జర్మనీ కూడా గుర్తించినట్టేనని మరో వాదన పుట్టింది. అదే ఏడు జర్మనీలోని కొలోన్ కోర్టు మాత్రం మనుషులు కట్టిన వేదిక భూభాగం కాదని, కాబట్టి అది దేశం కాదని తీర్పిచ్చింది. తర్వాత 1982లో వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ఈ సంగతిని రాతలో పెట్టింది: కృత్రిమ కట్టడాలకు దీవి హోదా లేదు, వాటికి సొంత ప్రాదేశిక జలాలు ఉండవు. 1987లో బ్రిటన్ తన సముద్ర హద్దును 12 మైళ్ళకు పెంచుకోవడంతో ఆ స్తంభాలు బ్రిటన్ నీళ్ళలోనే నిలబడ్డట్టయింది. సీలాండ్ స్టాంపులు, బిరుదులు అమ్ముతుంది. ఊరికే వెళ్ళి దిగుదామంటే కుదరదు. కొత్త దేశం చూడాలని బయల్దేరే బ్యాక్‌ప్యాకర్‌కు అది చేరలేని చోటే.

ఇప్పుడు తవోలారాను పక్కన పెట్టి చూడండి. సీలాండ్‌కు లేనిది దానికి ఉంది: నిజమైన నేల. రోజ్ ఐలాండ్‌కు లేనిది ఉంది: తరాలుగా అక్కడే పుట్టి, అక్కడే మట్టిలో కలిసిన జనం. అయినా ప్రభుత్వం అన్నది లేదు. పన్ను వసూలు, పోలీసు, కోర్టు, సముద్రంలో చిక్కుకుంటే వచ్చే రక్షణ పడవ, ఏదీ రాజు పేరున నడవలేదు. పాలనాపరంగా ఆ దీవి ఒల్బియా పురపాలికలో ఒక ముక్క. రోసా వేదికను పేల్చేసిన ఇటలీయే ఈ రాజును ఎందుకు ఊరుకుంది అని అడిగితే నాకు తోచే సమాధానం ఇది: దీపం వచ్చినా, రేడియో టవర్లు వచ్చినా, రాజ్యం పేరుతో ఎవరూ వాటికి అడ్డం నిలబడలేదు. ఎవరి అధికారాన్నీ గుంజుకోని కిరీటంతో ఏ ప్రభుత్వానికీ పేచీ ఉండదు. పన్నుల దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ కోటా మీద గొడవపడి 1970లో విడిపోయామని ప్రకటించుకున్న హట్ రివర్, పేరుకుపోయిన పన్ను బకాయిల బరువుతో 2020లో తనను తాను రద్దు చేసుకుంది.

కాగితాల దేశాలు

మన దగ్గర ఈ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది కైలాస. 2019లో దేశం విడిచి వెళ్ళిన నిత్యానంద ఈక్వెడార్ దగ్గర దీవి కొని హిందూ దేశం స్థాపించాడని వార్తలు వచ్చాయి. ఆయనకు ఆశ్రయం ఇవ్వలేదని, దీవి కొనడానికి తాము సాయం చేయలేదని ఈక్వెడార్ ప్రకటించింది. 2023 జనవరిలో అమెరికాలోని న్యూవార్క్ నగరం కైలాసతో సోదర నగర ఒప్పందం చేసుకుని, సంగతి తెలిశాక కొద్ది రోజుల్లోనే రద్దు చేసుకుంది. ఫిబ్రవరిలో జెనీవాలో ఐక్యరాజ్యసమితి సమావేశంలో కైలాస ప్రతినిధులు మాట్లాడిన వీడియో మన ఫోన్లలో తెగ తిరిగింది. అది ఎవరైనా పేరు నమోదు చేసుకుని మాట్లాడగల బహిరంగ చర్చ. చెప్పినదాన్ని పరిగణనలోకి తీసుకోవడం లేదని సమితి అధికారులే అన్నారు. సీలాండ్ కోర్టు తీర్పు, విక్టోరియా ఆల్బమ్, జెనీవా మైకు: మూడింటిలోనూ జరిగింది ఒక్కటే. ఎక్కడో ఒక తలుపు తెరిచి ఉంటే లోపలికి వెళ్ళడాన్ని గుర్తింపు అని చెప్పుకోవడం.

ఇది సరదాతో ఆగిపోతే బాధ లేదు. 2025 జూలైలో గాజియాబాద్‌లో ఒక అద్దె ఇంట్లో నడుస్తున్న నకిలీ రాయబార కార్యాలయాన్ని ఉత్తరప్రదేశ్ పోలీసులు పట్టుకున్నారు. వెస్టార్కిటికా వంటి ఎవరూ గుర్తించని దేశాల పేర్లు, దౌత్య నంబరు ప్లేట్ల కార్లు, నకిలీ పాస్‌పోర్టులు దొరికాయి. విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పిస్తానని జనాన్ని మోసం చేశాడన్నది నిందితుడి మీద ఆరోపణ. గల్ఫ్‌కో యూరప్‌కో వెళ్ళాలని అప్పులు చేసి ఏజెంట్ల చుట్టూ తిరిగే కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. వాళ్ళ చేతికి ఇలాంటి కాగితం వస్తే జరిగే నష్టం తలుచుకుంటేనే గుండె జారిపోతుంది. బిరుదు కొనుక్కోవచ్చు, ‘పౌరసత్వం’ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకోవచ్చు. దాంతో ఏ సరిహద్దూ దాటలేరు, ఏ ఉద్యోగమూ రాదు. సీలాండ్ పాస్‌పోర్టుల పేరుతో నకిలీలు మోసగాళ్ళ చేతుల్లో కుప్పలుగా తిరగడంతో, 1997లో సీలాండ్ తానిచ్చిన పాస్‌పోర్టులన్నీ రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

ముద్రల సంగతీ ఇందులోదే. కొన్ని బుల్లి దేశాలు సరదాకి పాస్‌పోర్టు మీద ముద్ర కొడతాయి. మన పాస్‌పోర్టు మన సొంత డైరీ కాదు, భారత ప్రభుత్వ ఆస్తి. గుర్తింపు లేని ముద్ర చూసి తర్వాతి దేశం ఇమిగ్రేషన్ అధికారి అనుమానపడితే ఆ టెన్షన్ మీదే. అంతగా కావాలంటే ఒక నోటు పుస్తకంలో వేయించుకోండి.

తవోలారాలో నిజంగా ఎవరి మాట చెల్లుతుంది

రోమ్ దగ్గరి చివితావెక్కియా రేవు నుంచి ఒల్బియాకు రాత్రి ఓడలు ఉంటాయి. కుర్చీ టికెట్ తీసుకుని నిద్రపోతే ఒక రాత్రి హాస్టల్ ఖర్చు కలిసొస్తుంది. ఒల్బియా నుంచి దక్షిణంగా పోర్తో సాన్ పావ్లో అనే చిన్న ఊరికి బస్సులో వెళ్ళాలి. అక్కణ్ణుంచి వేసవిలో పడవలు నడుస్తాయి. ప్రయాణం అరగంట లోపే. ముందు కొండ ఒక నీలి గోడలా కనబడుతుంది. దగ్గరయ్యే కొద్దీ రాతి పగుళ్ళలో జునిపెర్ పొదలు, కింద లేతాకుపచ్చ నీళ్ళలో తెల్ల ఇసుక విడివిడిగా తేలతాయి. దిగే చోట ఇమిగ్రేషన్ గది ఉండదు, జెట్టీ, ఇసుక, వంటింటి వాసన ఉంటాయి.

ఆ ఇసుక దగ్గరే మొదటి చట్టం మొదలవుతుంది. సార్డీనియా తీరాల నుంచి ఇసుక, గులకరాళ్ళు, గవ్వలు తీసుకెళ్ళడం నేరం. 2017 నాటి ప్రాంతీయ చట్టం ప్రకారం జరిమానా 500 నుంచి 3,000 యూరోల దాకా ఉంటుంది. ఎయిర్‌పోర్టుల్లో, రేవుల్లో బ్యాగులు వెతికి మరీ పట్టుకుంటారు. చిన్న సీసాలో జ్ఞాపకంగా పట్టుకెళ్దామనుకున్నవాళ్ళు వేలకు వేలు కట్టారు. చుట్టూ ఉన్న సముద్రం 1997లో ఏర్పడ్డ రక్షిత ప్రాంతం. దాన్ని మండలాలుగా విడగొట్టారు. కొన్నింట్లో ఈత కొట్టొచ్చు, అత్యంత రక్షిత మండలంలోకి అడుగు పెట్టడానికే లేదు. తూర్పు కొస సైన్యం చేతిలో ఉంది. అటు నడిచి వెళ్ళి లైట్‌హౌస్ చూద్దామంటే కుదరదు. గుడారం వేసుకుని నక్షత్రాల కింద పడుకుందామన్న ఆశా వదులుకోండి, సాయంత్రం చివరి పడవ ఎన్నింటికో ముందే అడిగి పెట్టుకోండి. శిఖరం దారిలో తాళ్ళు పట్టుకుని ఎక్కాల్సిన చోట్లు ఉన్నాయి. కొండలెక్కడం తెలిసిన గైడ్ తోడు లేకుండా పోవద్దు.

ఈ నిబంధనలను ఆంక్షలుగా చూస్తే చిరాకే మిగులుతుంది. వాటి వెనక ఏముందో తెలిస్తే మనసు మారుతుంది. యెల్కువాన్ షియర్‌వాటర్ అని మధ్యధరా సముద్రంలో మాత్రమే గూడు కట్టే పక్షి ఉంది. పగలంతా సముద్రం మీద ఉండి, చీకటి పడ్డాక రాతి బొరియల్లోని గూటికి చేరుతుంది. ఏడాదికి ఒకటే గుడ్డు. తెలిసినంతలో ఈ పక్షుల అతి పెద్ద స్థావరం తవోలారానే. ఓడల వెంట ఎప్పుడో వచ్చి చేరిన ఎలుకలు ఆ గుడ్లను, పిల్లలను తినేసేవి. 2017లో హెలికాప్టర్లతో మందు చల్లి దీవిని ఎలుకల నుంచి విడిపించే పని చేపట్టారు. మీ బ్యాగులో తిండి మూట సరిగ్గా కట్టుకోవడం, చెత్త తిరిగి ఒడ్డుకు తెచ్చుకోవడం ఆ పక్షి పిల్లలకు చేసే సాయం.

ఇక రాచకుటుంబం మాట. టోనినో పేరుతో ఉన్న రెస్టారెంట్ ఆ కుటుంబానిదే. చేపలు, నత్తగుల్లల వంటకాలు ప్రత్యేకం. బ్యాక్‌ప్యాకర్ జేబుకు కాస్త భారమే. అయినా ఒక్క పూట అక్కడ తినమని చెబుతాను. తరతరాలుగా ఆ దీవిని విడవకుండా కాచుకున్నవాళ్ళ చేతికి మీ డబ్బు నేరుగా అందుతుంది. విక్టోరియా సేకరణకు వెళ్ళిన ఫొటోను తాపీగా చూడొచ్చు: వరసగా నిలబడ్డ సముద్రపు మనుషులు, మామూలు బట్టలు, నిటారైన మెడలు. కిరీటం ఉన్న సమాధి దగ్గరికి వెళ్తే సెల్ఫీల హడావుడి వద్దు, అది వాళ్ళ పెద్దాయన సమాధి.

వీసా దరఖాస్తు నింపేటప్పుడు వెళ్ళే దేశం అన్న గడిలో ఇటలీ అని రాయండి. తవోలారాలో గడిపిన రోజు, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న షెంజెన్ లెక్కలోనే కలుస్తుంది. షెంజెన్ వీసాకు తప్పనిసరైన 30,000 యూరోల వైద్య బీమా ఆ దీవి మీద కాలు బెణికినా ఇటలీలో బెణికినట్టే లెక్కేస్తుంది, కాకపోతే కొండలెక్కడం లాంటి సాహసాలు అందులో కలిశాయో లేదో పాలసీ చదివి చూసుకోండి. ఎండాకాలం దాటితే పడవలు బాగా తగ్గిపోతాయి కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో పెట్టుకుంటే మంచిది.